అంకెలో ఆటగాడి వాటా ఎంత?

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళిన మనవాళ్ళు వేసవి సాయంత్రం టీవీ పెడితే ఏదో ఒక చానల్లో బేస్‌బాల్ కనిపిస్తుంది. క్రికెట్ చూసిన కళ్ళకు ఆట తీరు అందడానికి ఎక్కువసేపు పట్టదు. ఒకడు విసురుతాడు, ఒకడు కొడతాడు, గాల్లో పట్టుకుంటే అవుట్. తికమక పెట్టేవి తెర మీది అంకెలు. బ్యాటర్ వచ్చి నిలబడగానే పేరు కింద 0.287 అని ఒక దశాంశం పడుతుంది. బంతి చేయి దాటిన మరుక్షణం గంటకు 97 మైళ్ళు అని వస్తుంది. కొడితే, బ్యాటు మీంచి ఎంత వేగంతో పోయింది, ఎన్ని డిగ్రీల కోణంలో లేచింది, ఎన్ని అడుగుల దూరం వెళ్ళింది అన్నీ వరసగా వచ్చేస్తాయి. మూల నుంచి ఒక గీత ఎక్కుతూ దిగుతూ ఫలానా జట్టు గెలిచే అవకాశం 64 శాతం అంటుంది. చూసేవాళ్ళకు సహజంగానే ఒక సందేహం వస్తుంది: ఇవన్నీ ఆ ఆటగాడి గురించి నిజంగా ఏమైనా చెబుతున్నాయా, లేక బంతికీ బంతికీ మధ్య ఖాళీని నింపుతున్నాయా?

కొన్ని చెబుతాయి, కొన్ని చెప్పవు. తేడా కనిపెట్టడానికి ఒకే ప్రశ్న చాలు. ఈ అంకెలో ఆటగాడి చేతిలో ఉన్నది ఎంత, అతని చేతిలో లేనిది ఎంత? నూట యాభై ఏళ్ళకు పైబడిన బేస్‌బాల్ గణాంకాల చరిత్ర అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ముందు ఆట గురించి నాలుగు ముక్కలు. పిచర్ విసిరిన బంతిని కొట్టి బ్యాటర్ మొదటి బేస్ దాకా క్షేమంగా చేరితే అది హిట్. నాలుగు బేస్‌లూ తిరిగి వస్తే ఒక పరుగు. బ్యాటర్ ముందు గాల్లో ఒక దీర్ఘచతురస్రం ఉందనుకోవాలి. కొట్టకుండా వదిలేసిన బంతి దానిలోంచి పోతే స్ట్రైక్, బయటినుంచి పోతే బాల్. కొట్టబోయి తప్పినా స్ట్రైకే. మూడు స్ట్రైకులకు అవుట్. నాలుగు బాల్స్ పడితే బ్యాటర్ బ్యాటు పక్కన పెట్టి ఉచితంగా మొదటి బేస్‌కు నడుచుకుంటూ పోతాడు. దీన్ని వాక్ అంటారు. మూడు అవుట్లు అయితే ఆ జట్టు వంతు అయిపోయినట్టు. అలాంటి వంతులు ఒక్కో జట్టుకు తొమ్మిది.

లెక్క రాసినవాడి అభిప్రాయం

ఈ ఆటకు లెక్కల పుస్తకం తెరిచినవాడు హెన్రీ చాడ్విక్. 1824లో ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరి, పత్రికలకు క్రికెట్ వార్తలు రాస్తూ బేస్‌బాల్ వైపు మళ్ళాడు. క్రికెట్ స్కోరుకార్డు తెలిసినవాడు కనక, పత్రికలో నాలుగంగుళాల చోటులో ఆటంతా ఇమిడిపోయే పట్టికను బేస్‌బాల్‌కు తయారుచేశాడు. 1859 నాటికే ఆయన పట్టికలు అచ్చయ్యాయి. చాడ్విక్ తరం వాళ్ళు స్థిరపరచినదే బ్యాటింగ్ సగటు. క్రికెట్‌లో పరుగులను అవుట్లతో భాగిస్తాం. ఇక్కడ హిట్లను అవకాశాలతో భాగిస్తారు. 0.300 అంటే పదిసార్లు ప్రయత్నిస్తే మూడుసార్లు హిట్. అంత సాధిస్తే మంచి బ్యాటరే. 1941లో టెడ్ విలియమ్స్ 0.406 కొట్టాడు. ఆ తర్వాత మేజర్ లీగ్‌లోని అమెరికన్, నేషనల్ లీగ్‌లు రెండింటిలోనూ పూర్తి సీజన్‌లో 0.400 దాటినవాడు లేడు.

ఈ సగటులో వాక్‌లు లేవు. అవి హిట్లుగానూ లెక్కకు రావు, అవకాశాలుగానూ రావు. నాలుగు చెడ్డ బంతులు వేయడం పిచర్ తప్పు, అందులో బ్యాటర్ గొప్పతనం ఏముంది అని చాడ్విక్ భావించాడు. ఆయన అభిప్రాయం లెక్కలోకి చేరి స్థిరపడిపోయింది. చెడ్డ బంతిని చూసి చేయి ఆపుకోవడం చాలా కష్టమైన విద్య అని, అవుట్ కాకుండా బేస్ చేరడమే ప్రధానమని గుర్తించడానికి ఇంచుమించు వందేళ్ళు పట్టింది. ఓపిక ఉన్న బ్యాటర్ అన్నాళ్ళూ కాగితం మీద కనిపించకుండానే ఉండిపోయాడు.

కాగితం మీదికి రానివాళ్ళు మరికొందరున్నారు. వాళ్ళ విషయంలో కారణం లెక్కల సూత్రం కాదు, జాతి వివక్ష. 1947లో జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున దిగేదాకా ఆ కాలపు మేజర్ లీగ్‌లలో నల్లవాళ్ళకు చోటు లేదు. వాళ్ళు తమ సొంత నీగ్రో లీగ్‌లలో ఆడారు. ఆ ఆటల స్కోర్లు నల్లవాళ్ళ పత్రికల్లో అచ్చయ్యాయి, చాలా పోయాయి. పరిశోధకులు ఏళ్ళ తరబడి పాత సంచికలు తిరగేసి ఒక్కొక్క ఆటనూ వెలికితీశారు. 2024 మే నెలలో మేజర్ లీగ్ బేస్‌బాల్ 1920 నుంచి 1948 దాకా ఆడిన ఆ ఆటల లెక్కలను తన అధికారిక రికార్డుల్లో కలుపుకుంది. రెండువేల మూడువందల మందికి పైగా ఆటగాళ్ళు ఒక్కసారిగా పుస్తకంలోకి వచ్చారు. జీవితకాల సగటులో దశాబ్దాలుగా మొదటి స్థానంలో ఉన్న టై కాబ్‌ను దాటి 0.372తో జాష్ గిబ్సన్ పైకి చేరాడు. ఆ లీగ్‌లలో సీజన్లు చిన్నవి, అందుకని పోల్చకూడదని అభ్యంతరం చెప్పినవాళ్ళున్నారు. సీజన్లు చిన్నవన్న మాట నిజమే. కాని నల్లవాళ్ళను బయట ఉంచి ఆడిన కాలంలో తెల్లవాళ్ళ సగటులు కూడా అసంపూర్ణమైన పోటీలో వచ్చినవే. ఆ లెక్కను తప్పు అనని వాళ్ళు ఈ లెక్కను తప్పనడం నాకు న్యాయంగా తోచదు.

జాకీ రాబిన్సన్‌ను డాడ్జర్స్‌లోకి తెచ్చిన బ్రాంచ్ రికీయే అదే 1947లో అలన్ రాత్ అనే మాంట్రియల్ యువకుణ్ణి జట్టు గణాంకవేత్తగా పెట్టుకున్నాడు. ఒక జట్టు జీతమిచ్చి పూర్తికాలపు గణాంకవేత్తను పెట్టుకోవడం అదే మొదలు. ప్రతి ఆటలో ప్రతి బంతినీ రాత్ రాసుకునేవాడు. బేస్ చేరే వాటా అసలు కొలత అని, వాక్‌లు కలిపి చూడాలని ఆయన పట్టుబట్టాడు. 1954లో రికీ పేరుతో లైఫ్ పత్రికలో ఆ వాదన వచ్చింది. జనం చదివి పక్కన పెట్టేశారు. డాడ్జర్స్ నుంచి బయటికి వచ్చాక రాత్ టీవీ ప్రసారాలకు పనిచేశాడు. వ్యాఖ్యాతకు అంకెలు అందించే మనిషి బేస్‌బాల్ తెర వెనక అలా కుదురుకున్నాడు.

ఇరవై నాలుగు గళ్ళ పట్టిక

తెర మీద ఎక్కుతూ దిగుతూ కనిపించే గెలుపు గీత సంగతి చూద్దాం. దాని పునాది జార్జ్ లిండ్సే అనే కెనడా రక్షణ శాస్త్రవేత్త వేశాడు. ఉద్యోగం సైనిక వ్యూహాల లెక్కలు, ఇష్టం బేస్‌బాల్. తండ్రీ కొడుకులిద్దరూ వందల ఆటలు విని, చూసి, ప్రతి ఘట్టమూ నమోదు చేశారు. 1963లో లిండ్సే ఆ ఫలితాలు ప్రచురించాడు.

ఆయన ఆలోచన చాలా సులభం. బ్యాటర్ నిలబడే చోటు పోను మూడు బేస్‌లు ఉన్నాయి, ఒక్కొక్క దాని మీద మనిషి ఉండొచ్చు, లేకపోవచ్చు. అంటే ఎనిమిది రకాల పరిస్థితులు. అవుట్లు సున్నా, ఒకటి, రెండు అని మూడు రకాలు. ఎనిమిది మూళ్ళు ఇరవై నాలుగు. ఆట ఎంత చిక్కుగా కనిపించినా ఏ క్షణంలోనైనా ఈ ఇరవై నాలుగు గళ్ళలో ఒకదానిలోనే ఉంటుంది. ప్రతి గడిలోనూ, అక్కడినుంచి ఆ వంతు ముగిసేలోపు సగటున ఎన్ని పరుగులు వస్తాయో లెక్కగట్టి రాశాడు.

పట్టిక చూశాక పాత జ్ఞానం కొంత చెదిరింది. మొదటి బేస్ మీద ఒకడు ఉన్నాడు, అవుట్లు లేవు. అప్పుడు చాలామంది మేనేజర్లు బ్యాటర్‌ను బంతి మెల్లగా తోసి తాను అవుటై ముందున్నవాణ్ణి రెండో బేస్‌కు పంపమనేవారు. త్యాగం కనక చూడ్డానికి బాగుంటుంది. పట్టికలో మొదటి గడి విలువ సుమారు 0.8 పరుగు. త్యాగం తర్వాతి గడి, అంటే రెండో బేస్ మీద ఒకడు, ఒక అవుట్, 0.7 కన్నా కాస్త తక్కువ. త్యాగం చేసి జట్టు నష్టపోయిందన్నమాట. చివరి వంతులో ఒక్క పరుగే కావలసినప్పుడు సంగతి వేరు. అలవాటుగా చేసే త్యాగానికి మాత్రం ఈ లెక్క మద్దతు ఇవ్వదు.

ఇదే పట్టికకు స్కోరు తేడానూ, మిగిలిన వంతులనూ చేర్చి, ఇలాంటి స్థితిలోంచి గతంలో ఎన్ని జట్లు గెలిచాయో చూస్తే గెలుపు శాతం వస్తుంది. తెర మీద 64 శాతం అంటే యంత్రం జోస్యం చెబుతోందని కాదు. ఇటువంటి చోట నిలబడిన వంద జట్లలో అరవై నాలుగు ఇంటికి గెలిచి వెళ్ళాయని అర్థం. మిగతా ముప్పై ఆరు జట్లకు ఆ రోజు అద్భుతం జరిగిందని అనుకోనక్కర్లేదు.

రెండు వారాల వీరుడు

టీవీకి అన్నిటికన్నా ఇష్టమైన అంకె చివరి రెండు వారాలది. ‘ఈ రెండు వారాల్లో ఇతను 0.400 కొడుతున్నాడు’ అనగానే చూసేవాళ్ళు నిటారుగా కూర్చుంటారు. ఇతను నిజంగా అంత గొప్పవాడైపోయాడా?

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక మెతుకు పట్టుకు చూస్తే చాలంటాం. నిజమే, ఎందుకంటే మెతుకులన్నీ ఒకే నీళ్ళలో, ఒకే మంట మీద ఉడికాయి. బ్యాటర్ ప్రయత్నాలు అలాంటివి కావు. బాగా కొట్టిన బంతి నేరుగా ఫీల్డర్ చేతుల్లోకి పోవచ్చు. తప్పుగా తగిలిన బంతి ఇద్దరి మధ్య పడి హిట్ కావచ్చు. ఇక్కడ నాలుగు మెతుకులు చూసి తీర్పు చెప్పలేం.

ఎన్ని చూస్తే చెప్పగలం? ఒక బ్యాటర్ అసలు సామర్థ్యం 0.280 అనుకుందాం. రెండు వారాల్లో అతనికి వచ్చే అవకాశాలు నలభై అయిదు దాకా ఉంటాయి. సామర్థ్యం వెంట్రుకవాసి కూడా మారకుండానే, అటువంటి ఇరవై మందిలో ఒకడు ఆ రెండు వారాలూ 0.400 కొడతాడు. కేవలం యాదృచ్ఛికంగా. లీగ్‌లో ముప్పై జట్లున్నాయి, వందల బ్యాటర్లున్నారు. కాబట్టి ఏ వారం చూసినా టీవీకి ఒక వీరుడు దొరుకుతాడు. పూర్తి సీజన్ తీసుకున్నా అనుమానం తీరదు. అయిదు వందల అవకాశాల్లో అదే 0.280 బ్యాటర్ ఇంచుమించు ఆరేళ్ళకోసారి 0.300 దాటేస్తాడు. మరుసటి ఏడు మామూలు స్థాయికి రాగానే ‘డబ్బు వచ్చాక శ్రద్ధ పోయింది’ అని స్టూడియోలో విమర్శ మొదలవుతుంది. అతని శ్రద్ధ ఎక్కడికీ పోలేదు.

ఇక్కడ మన ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివిన సి.ఆర్. రావు గారిని తలుచుకోవాలి. తెలుగు కుటుంబంలో పుట్టి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేస్తూ 1945లో ఆయన ఒక హద్దును నిరూపించారు. ఉన్న కొద్దిపాటి సమాచారంతో, ఏ వైపుకూ మొగ్గకుండా అంచనా వేస్తే, ఆ అంచనాలో తప్పును కొంత మేరకే తగ్గించగలం. ఎంత తెలివైన పద్ధతి వాడినా ఆ గీత దాటలేం. హారల్డ్ క్రామెర్ కూడా విడిగా అదే కనుక్కోవడంతో దానికి క్రామెర్–రావు హద్దు అని పేరొచ్చింది. రావు గారు తర్వాతి జీవితంలో చాలాకాలం అమెరికాలో గడిపి 2023లో అక్కడే కన్నుమూశారు. బ్యాటింగ్ సగటు ఆ హద్దును సరిగ్గా అంటుకునే ఉంటుంది. అంటే, ఒక బ్యాటర్ హిట్లు తప్ప మరేదీ చూడకుండా, ఎటూ మొగ్గకుండా చెప్పాలంటే సగటు కన్నా మెరుగైన అంచనా లేదు.

మొగ్గితే? 1950ల్లో చార్లెస్ స్టైన్ అనే అమెరికన్ ఆ దారి చూపాడు. 1970ల్లో బ్రాడ్లీ ఎఫ్రాన్, కార్ల్ మోరిస్ దాన్ని బేస్‌బాల్ మీద ప్రయోగించారు. 1970 సీజన్‌లో పద్దెనిమిది మంది బ్యాటర్ల మొదటి 45 అవకాశాలు తీసుకున్నారు. ఒక్కొక్కరి సగటునూ అందరి సగటు వైపు లాగారు. పైనున్నవాణ్ణి కిందికి, కిందున్నవాణ్ణి పైకి. తర్వాత సీజన్ మిగతా భాగంలో ఎవరెంత కొట్టారో చూశారు. పద్దెనిమిది మందిలో అత్యధికులకు లాగిన అంచనాయే నిజానికి దగ్గరగా వచ్చింది. మొత్తం తప్పు మూడో వంతు కన్నా తక్కువకు దిగింది. చిన్న లెక్కలో మెరిసినవాడి మెరుపులో ఎక్కువ భాగం అదృష్టమే అన్నమాట.

ఆ జాబితా తలలో ఉన్నవాడు పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఆటగాడు రోబెర్టో క్లెమెంటే. 45లో 18 హిట్లు, సరిగ్గా 0.400. లెక్క అతన్ని 0.290 దగ్గరికి లాగింది. అతను మిగతా సీజన్‌లో 0.346 కొట్టాడు. అతని విషయంలో లెక్క ఓడిపోయింది. ఎందుకంటే ఆ నలభై అయిదు అవకాశాలు తప్ప దానికి మరేమీ చెప్పలేదు. అంతకు ముందే నాలుగుసార్లు లీగ్‌లో అత్యధిక సగటు సాధించిన మనిషి అని దానికి తెలియదు. ఇప్పటి అంచనా పద్ధతులు ఆ పాత చరిత్రనూ కలుపుకుంటాయి. క్లెమెంటే సరిగ్గా 3,000 హిట్లు పూర్తిచేసి, 1972 డిసెంబర్ 31న నికరాగువా భూకంప బాధితులకు సాయం మోసుకెళ్తూ విమాన ప్రమాదంలో పోయాడు.

బంతినే కొలిస్తే

ఈ గణాంకాల విద్యను జనం దగ్గరికి తెచ్చినవాడు బిల్ జేమ్స్. కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్‌లో ఒక డబ్బా ఆహారాల ఫ్యాక్టరీకి రాత్రి కాపలా కాస్తూ, 1977లో సొంత ఖర్చుతో చిన్న పుస్తకం అచ్చువేసుకున్నాడు. ఈ అధ్యయనానికి సేబర్‌మెట్రిక్స్ అని పేరు పెట్టింది ఆయనే. పాతికేళ్ళ తర్వాత బోస్టన్ రెడ్ సాక్స్ ఆయన్ని సలహాదారుగా పెట్టుకుంది. 2002లో ఓక్లండ్ జట్టు కథ మనీబాల్ సినిమా వల్ల అందరికీ తెలిసినదే. న్యూయార్క్ యాంకీస్ జీతాల ఖర్చులో మూడో వంతుతో ఆ ఏడు యాంకీస్‌తో సమానంగా 103 ఆటలు గెలిచింది. వాక్‌లు తెచ్చే ఓపికమంతుల్ని మిగతా జట్లు చవగ్గా వదిలేస్తుంటే ఏరుకుంది. తర్వాత అయిదు ఆటల నాకౌట్‌లో ఓడింది. 162 ఆటల్లో పనిచేసిన లెక్కకు అయిదు ఆటల్లో అదృష్టాన్ని అణిచే బలం ఉండదు.

టీవీలో అసలు మలుపు 2001లో వచ్చింది. ఆ ఏడాదే ఇంగ్లండులో క్రికెట్ ప్రసారంలో హాక్‌ఐ మొదటిసారి కనిపించింది. అదే ఏడు అమెరికాలో ఈఎస్‌పీఎన్ తన ప్రసారంలో స్ట్రైక్ దీర్ఘచతురస్రాన్ని తెర మీద గీసి చూపడం మొదలుపెట్టింది. 2006లో ప్రతి బంతి దారినీ కెమెరాలతో కొలిచే ఏర్పాటు వచ్చింది. 2015 నాటికి ముప్పై మైదానాల్లోనూ స్టాట్‌క్యాస్ట్ పనిచేస్తోంది. ఇది ఆటగాళ్ళ పరుగునూ బంతి గమనాన్నీ ఒకేసారి నమోదు చేస్తుంది. 2020 నుంచి దాని కళ్ళు ఆ హాక్‌ఐ కెమెరాలే, మైదానానికి పన్నెండు.

దీనివల్ల ఏం మారింది? ఇంతకుముందు కొలిచింది ఫలితాన్ని. హిట్టా, అవుటా? ఇప్పుడు కొలుస్తున్నది చేతను. బంతి బ్యాటు మీంచి గంటకు 105 మైళ్ళ వేగంతో, ఇరవై అయిదు డిగ్రీల కోణంలో బయల్దేరితే, అటువంటి బంతులు గతంలో ఎన్నిసార్లు హిట్లయ్యాయో యంత్రం చెబుతుంది. ఫీల్డర్ గాల్లోకి ఎగిరి పట్టుకున్నా బ్యాటర్ ఖాతాలో ఆ మంచి దెబ్బ నిలిచిపోతుంది. దీన్ని రావలసిన సగటు అనుకోవచ్చు. అసలు సగటు 0.230, రావలసిన సగటు 0.280 అయితే, ఈ మనిషిని జట్టులోంచి తీసేయకండి అని ఆ అంకె వాదిస్తుంది. ఫీల్డర్ నైపుణ్యమూ, గాలీ, అదృష్టమూ వడగట్టాక మిగిలింది ఇదే. తెర మీద వచ్చే అంకెలన్నిటిలో నేను ముందుగా చూసేది దీన్నే.

పిచర్ల విషయంలోనూ చూపు మారింది. 1990లో అమెరికన్ లీగ్ ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు 27 గెలుపులు ఉన్న బాబ్ వెల్చ్‌కు దక్కింది. అదే ఏడు రోజర్ క్లెమెన్స్ తొమ్మిది వంతులకు సగటున 1.93 పరుగులే ఇచ్చాడు. వెల్చ్ ఇచ్చినవి 2.95. పిచర్ పేరు పక్కన రాసే గెలుపు అతని జట్టు బ్యాటర్లు ఎన్ని పరుగులు చేశారన్న దాని మీద సగం ఆధారపడుతుంది. 2018లో న్యూయార్క్ మెట్స్ పిచర్ జేకబ్ డిగ్రోమ్ సగటున 1.70 పరుగులే ఇచ్చి కూడా, తన బ్యాటర్లు కొట్టక పది గెలుపులు, తొమ్మిది ఓటములతో మిగిలాడు. అయినా నేషనల్ లీగ్ అవార్డు అతనికే ఇచ్చారు. ఓటు వేసేది పత్రికా రచయితలే. వాళ్ళు చూసే అంకె మారింది.

టీవీ ఇప్పటికీ చాలాసార్లు చేయని పని ఒకటుంది. ఏ అంకె ఎన్ని అవకాశాల మీద నిలబడిందో అది చెప్పదు. ‘ఈ పిచర్ మీద ఇతని సగటు 0.444’ అంటారు. అంటే తొమ్మిదిలో నాలుగు. తొమ్మిది అని పక్కన వేస్తే చూసేవాడికి తనే తూకం వేసుకునే వీలుంటుంది. తెర మీద ఒక్క చిన్న అంకెకు చోటు లేక కాదు. 2018లో ఈఎస్‌పీఎన్ ఒక నాకౌట్ ఆటకు మామూలు ప్రసారంతో పాటు, లెక్కలు కావలసినవాళ్ళ కోసం స్టాట్‌క్యాస్ట్ ప్రసారాన్ని వేరే చానల్లో నడిపింది. అటువంటి చోటయినా ఈ అలవాటు రావాలి.

కొలత వచ్చాక ఆట

కొలిచేకొద్దీ ఆట కూడా మారింది. ఏ బ్యాటర్ ఎటు కొడతాడో తెలిసి ఫీల్డర్లను ఒకే వైపు గుమిగూడ్చారు. బంతిని నేల మీద కొడితే అవుటేనని బ్యాటర్లు పైకి లేపడం నేర్చారు. పైకి లేపబోయి ఎక్కువసార్లు తప్పారు. 2018లో చరిత్రలో మొదటిసారి లీగ్ మొత్తంలో స్ట్రైక్ అవుట్లు హిట్లను మించిపోయాయి. చివరికి 2023లో రెండో బేస్‌కు చెరోవైపు ఇద్దరేసి లోపలి ఫీల్డర్లు ఉండి తీరాలని నియమం తెచ్చారు. లెక్క కనిపెట్టిన ఉపాయాన్ని నియమంతో కట్టేశారు.

క్యాచర్ కథ దీనికన్నా ఆసక్తికరం. బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టుకునే క్యాచర్ పనిలో ఏం నైపుణ్యం ఉందో పాతకాలపు లెక్కలకు తెలియదు. 2006 తర్వాతి కెమెరాలు ప్రతి బంతి చోటునూ కచ్చితంగా చూపాక, విశ్లేషకులకు ఒక వింత కనిపించింది. దీర్ఘచతురస్రం అంచున, ఒకే చోట పడిన బంతిని ఒక క్యాచర్ పడితే అంపైర్ స్ట్రైక్ అంటాడు, ఇంకొకడు పడితే బాల్ అంటాడు. చేతిని కదలనివ్వకుండా, బంతి సరిగ్గా అక్కడికే వచ్చినట్టు మెత్తగా అందుకునేవాడికి స్ట్రైకులు ఎక్కువ పడతాయి. సీజన్ మొత్తం మీద అది జట్టుకు ఎన్నో పరుగులు మిగులుస్తుంది. బ్యాటింగ్ అంతంత మాత్రంగా ఉన్న క్యాచర్లకు ఈ విద్య వల్లే జట్లలో చోటు నిలిచింది.

ఇప్పుడు ఆ కెమెరాయే అంపైర్ మీద అప్పీలు వినే స్థానంలో కూర్చుంది. 2026 సీజన్ నుంచి బ్యాటర్, పిచర్, క్యాచర్‌లలో ఎవరైనా తల మీద తట్టుకుని అంపైర్ నిర్ణయాన్ని సవాలు చేయవచ్చు. తీర్పు యంత్రానిది. దీర్ఘచతురస్రం వెడల్పు 17 అంగుళాలు. పై గీత బ్యాటర్ ఎత్తులో 53.5 శాతం దగ్గర, కింది గీత 27 శాతం దగ్గర. అందుకోసం ఆటగాళ్ళ ఎత్తు కూడా సరిగ్గా కొలిపించారు. జట్టుకు రెండు సవాళ్ళు. గెలిచినది మిగులుతుంది, ఓడినది పోతుంది. అంచున మెత్తగా పట్టి సంపాదించిన స్ట్రైక్ విలువ దీంతో కొంత తగ్గుతుంది. కాని బంతి వచ్చే దారిలోనే కూర్చుని చూసే క్యాచర్‌కు కొత్త బాధ్యత వచ్చింది. బేస్‌లు ఖాళీగా, రెండు అవుట్లు పడి ఉన్నప్పుడు మొదటి బంతి కోసం సవాలు వృథా చేయకూడదు. బేస్‌లు నిండి, ఒక్క బంతితో అవుటో పరుగో తేలిపోయే చోట కొంచెం అనుమానం ఉన్నా తల తట్టుకోవాలి. ఏ చోట ఎంత పణంగా ఉందో తెలియాలంటే లిండ్సే ఇరవై నాలుగు గళ్ళ పట్టిక క్యాచర్‌కు కంఠస్థం కావాలి.